జయానందం గుట్కా తినలేదు

ముందుగాల ఆ గుట్కా మాట తేలాలె. ఏడాది నుంచి నల్లా దగ్గర, చర్చి మెట్ల మీద, నౌబాద్ పోయే షేర్ ఆటోలల్ల ఒకటే ముచ్చట: "పాటల జయానందం లేడా, దొంగతనంగ గుట్కా తింటుండట. నోరు మూసుకపోయిందట. అందుకే పాట ఇడిసిపెట్టిండట." అన్నోళ్లలో ఒక్కరన్న ఆయన చేతిల ప్యాకెట్ చూసినోళ్లు లేరు. ఎవరు చెప్పిండ్రు అంటే వాళ్లు చెప్పిండ్రు, వాళ్లకెవరు చెప్పిండ్రు అంటే అందరికీ తెలుసు గద అనేటోళ్లే.

జయానందం జన్మల ఒక్క పలుకు గుట్కా నోట్ల ఏసుకోలేదు. నోరు మూసుకపోయిన మాట మాత్రం నిజం. అది ఎట్ల మూసుకపోయిందో వరుసగ చెప్పుకుంటే, ఆ మనిషికి జరిగిన అన్యాయం అందరికీ తెలుస్తది. అందరికంటె ముందు ఆయన భార్య హెలెన్‌కు తెలిసింది. తెలిసేసరికి ఆలస్యమైంది.

జయానందం నౌబాద్‌లో శివానంద్ దుకాణంల మోటర్ వైండింగ్ మిస్త్రీ. ఇరవై రెండేండ్ల నుంచి అదే స్టూలు, అదే పని. రైతులు కాలిపోయిన బోరు మోటర్లు తెస్తరు. పాత తీగ పీకి, కొత్త రాగి తీగ చుట్టి, ఆ చుట్లు కదలకుండ దారంతోటి బిగించి కట్టాలె. రెండు చేతులు చుట్టను పట్టుకునే ఉంటయి, ఇగ ముడి గుంజేది దేనితోటి? పండ్లతోటి. దారం కొనను కుడి పక్క పండ్లకు కరిచి, తలను ఎనక్కి ఒక్క గుంజు గుంజుతడు. రోజుకు రెండు మూడు వందల ముడులు. "జయన్న కట్టిన ముడి మోటరు తిరిగి కాలినా ఊడది" అని ధన్నూర రైతులు ఆయన కోసమే దుకాణంల కూసునేటోళ్లు.

వారమంత పండ్లు బిగబట్టే ఆ మనిషి ఆదివారం చర్చిల నోరంత తెరిచేటోడు. హార్మోనియం మీద వేలు పడకముందే శ్రుతి ఎత్తుకునేటోడు. పై స్థాయికి పోతే వెనక బెంచీల మీద కునుకు తీసేటోళ్లు సుత లేచి కూసునేటోళ్లు. ఆ పాట విన్నంకనే హెలెన్ ఆయనను చేసుకున్నది. దుబల్గుండిల ఒక పెండ్లికి పాడనీకి వచ్చిండు. పెండ్లి పిల్లను చూడకుండ ఊరంత ఆయన్నే చూసింది.

హెలెన్ గూడ తక్కువ మనిషి కాదు. జొన్నరొట్టెలు చేసి అమ్ముతది. మెత్తటివి గల్లీలోళ్లకు, అప్పడం లెక్క పెళపెళలాడే కడక్ రొట్టెలు హోటళ్లకు. స్త్రీల సమాజానికి సెక్రటరీ. ఎవరింట్ల జరం వచ్చినా, ఎవరింట్ల జగడం వచ్చినా ముందు హెలెన్‌కే కబురు పోతది. అన్నీ తెలిసిన మనిషి అని పేరు.

తలనొప్పి మొదలై ఆరేండ్లు దాటింది. కుడి కణత దగ్గర, చెవికి ముందర, పొద్దుగాల లేస్తనే. దాంతోటి ఇంకొకటి. రొట్టె నములుతుంటే దవడల "టక్" మని సప్పుడు.

"ఏంది, నీ బేరింగ్ పోయిందా?" అని నవ్వేది హెలెన్.

"గ్రీజు పెట్టు మరి," అనేటోడు జయానందం. ఇద్దరు నవ్వేటోళ్లు. ఆ సప్పుడుకు, ఆ తలనొప్పికి ఏదన్న సంబంధం ఉందని ఇద్దరిల ఒక్కరికి సుత తోచలే.

కండ్లద్దాలు మార్పించిండ్రు. ముక్కుకు సైనస్ అన్నరు, ఆవిరి పట్టిండ్రు. హుమ్నాబాద్‌ల ఒకాయన తలకు తైలం పోసిండు. ఒక దవాఖానల తలకు ఫొటో తీసి ఏం లేదు పో అన్నరు. "ఏం లేదు" అన్నంక నొప్పిని చెప్పుకునుడు ఇంక కష్టమైంది. రుమాలు తలకు బిగించి కట్టుకుని పనికి పోయేటోడు.

మూడేండ్ల కింద శ్రమల దినాలు వచ్చినయి. ఈస్టర్‌కు ముందటి ఆ నలభై దినాలు హెలెనే పట్టుబట్టి ఆయనతోటి ఉపాసం పట్టించింది. పగలంత ఏం తినకుండ, మాపటికి ఒక్క గిన్నె జొన్న జావ. మధ్యాహ్నం రెండింటికే దుకాణం నుంచి వచ్చి ప్రార్థన కూటంల కూసునుడు. శివానంద్ గూడ "పుణ్యకార్యం, పో అన్నా" అని పంపేటోడు. పదిహేను దినాలకు నొప్పి సగమైంది. ముప్పై దినాలకు రుమాలు ఇప్పేసిండు. నలభయ్యో నాడు పొద్దుగాల లేచి, కణత మీద చెయ్యి పెట్టుకుని, "హెలెన్, లేదు," అన్నడు. హెలెన్ అక్కడనే మోకాళ్ల మీద పడి ఏడ్చింది.

"ఈస్టర్ నాడు చర్చిల అందరి ముందట సాక్ష్యం చెప్పాలె," అన్నది.

"జర ఆగుదాం. ఇంక నాలుగు వారాలు చూద్దాం. ఎండకాలం, మోటర్లు కుప్పబడతయి."

"దేవుని మేలుకు గూడ గ్యారంటీ కార్డు అడుగుతవా?"

"అది కాదు హెలెన్—"

"పాస్టరయ్యకు చెప్పేసిన. ఆయన పేరు రాసుకున్నడు."

ఈస్టర్ నాడు జయానందం లేచి నిలబడి రెండే మాటలు చెప్పిండు. "మూడేండ్ల నుంచి తలనొప్పి ఉండె. ఈ నలభై దినాలల్ల తగ్గింది. స్తోత్రం." కూసున్నడు. హెలెన్‌కు అది చాలలే. ఆమె లేచి తైలాలు, ఫొటోలు, అద్దాలు అన్నీ వరుసబెట్టి చెప్పి, "ఇగ ఆ నొప్పి ఎన్నటికీ రాదు," అని గూడ అన్నది. చర్చి అంత చప్పట్లు కొట్టింది. ఆ వారమే ముగ్గురు ఆడోళ్లు ఇంటికొచ్చి, తమ రోగాలకు గూడ ఉపాసం ఎట్ల పట్టాలె, ఏ పొద్దు పట్టాలె అని అడిగి పోయిండ్రు.

అటెంక జయానందం తలకు రుమాలు కట్టలే. తలనొప్పి మాట ఎత్తలే. డబ్బల నాలుగు రొట్టెలు పెడితే మాపటికి డబ్బ ఖాళీగ వచ్చేది. కొన్నాళ్లకు దవడల టక్కుమనే సప్పుడు గూడ ఆగింది. "చూసినవా, అది గూడ పోయింది," అని హెలెన్ సంబరపడ్డది. ఆయన తల ఊపిండు.

కాని మనిషి మారిండు. మాట తగ్గింది. మాట్లాడినా పెదవులు కదిలీ కదలనట్టు, గొణిగినట్టు. ఒకనాడు పాటల పుస్తకం తీసుకపోయి నథానియేల్ చేతుల పెట్టి, "ఇగ నువ్వు ఎత్తుకో, పడుచోళ్లు రావాలె," అని వెనక బెంచీకి పోయి కూసున్నడు. నథానియేల్ మంచి పోరడే, కాని పై స్థాయికి పోతే గొంతు పిల్లిలెక్క చీలుతది. హెలెన్‌కు తల కొట్టేసినట్టయింది.

"అందరు అడుగుతున్నరు. నీకేమొచ్చింది?"

"ఏం రాలే."

"పాస్టరయ్య తోటి ఏమన్న అయిందా?"

"ఏం కాలే హెలెన్."

"మరి దేవుడు అంత మేలు చేస్తే నోరు ఎందుకు మూసుకుంటవ్?"

ఆయన చెప్పులు ఏసుకుని పనికి పోయిండు. వారం దినాలు హెలెన్ ఆయన తోటి మాట్లాడలే. ఆయన నోటి మీద కోపం చేసిన ఆ వారం, అటెంక ఆమెకు ఎన్నిసార్లు యాదికొచ్చిందో లెక్కలేదు.

పోయినేడు ఎజ్రాకు ప్రధానం, పెండ్లికి ముందటి ఉంగరాల కార్యం, అయింది. ఎజ్రా జయానందం చెల్లె ప్రేమల కొడుకు. ప్రధానం నాడు మేనమామ నోరు తీపి చేయాలె, అప్పుడే పిల్లగానికి ఉంగరం. ప్రేమల బూందీ లడ్డు తెచ్చి, "అన్నా, ఆ అను," అన్నది. జయానందం చెయ్యి అడ్డం పెట్టి, "ఇటియ్యి, నేను తింట," అన్నడు. ప్రేమల ఊకుంటదా? లడ్డును నోటికి ఆనించి తోసింది. నోరు తెరుచుకోలే. లడ్డు చిట్లి కొత్త అంగీ మీద బూందీ అంత రాలింది.

"ఓయమ్మ! రెండు వేళ్లు గూడ పడ్తలేవు. ఏంది అన్నా, గుట్కా గిట్ట మరిగినవా? గుట్కా తినేటోళ్ల నోరే గిట్లయితది!" అని ప్రేమల నవ్వింది.

పందిరి అంత నవ్వింది. పరాచికానికి అన్న మాటే. ప్రేమల ఆ మాపటికే మరిచిపోయింది. కాని ఆ పందిట్ల నుంచి వంద మంది ఆ మాటను మిఠాయి డబ్బతోటి పాటు ఇంటికి తీసుకపోయిండ్రు. ఆ గుట్కా ముచ్చట పుట్టింది అక్కడ. పుట్టుక అంతే.

హెలెన్ నలుగురిల "ఆయన అట్లాంటోడు కాదు" అన్నది. ఇంటికొచ్చి ఆయన ప్యాంటు జేబులు తిరగేసింది. పని సంచి వాసన చూసింది. బండి డిక్కీ ఇప్పింది. ఏం దొరకలే. దొరకకపోతే అనుమానం పోవాలె, కాని పోలే. మంచిగ దాస్తుండు అనుకున్నది. ఆరు దినాలు ఓర్చుకుని ఏడో నాడు ఆటో ఎక్కి నౌబాద్ పోయింది.

శివానంద్ స్టూలు తుడిచి ఏసిండు. "కూసో అక్కా. జయన్న మోటరు ఇప్పనీకి ధన్నూర పోయిండు."

"ఆయన లేడనే వచ్చిన. నిజం చెప్పు తమ్ముడు. గుట్కా తింటుండా?"

శివానంద్ ముందు పగలబడి నవ్విండు. "అక్కా, నా దుకాణంల గుట్కా తిననోళ్లు ఇద్దరే. ఒకటి గోడ మీది దేవుని పటం, రెండు మీ ఆయన." తర్వాత ఆమె మొఖం చూసి నవ్వు ఆపిండు. "నువ్వు నిజంగనే అడుగుతున్నవా? ఇంట్ల చూస్తలేవా ఆయన తిండి?"

"తింటుండు. మాపటికి పులుసుల నానబెట్టుకుని తింటడు, డబ్బ రోజు ఖాళీగ వస్తాంది."

"డబ్బ ఖాళీ అయితది. నీ రొట్టెలు పక్క షెడ్డుల పోరగాండ్లు తింటరు. జయన్న చాయిల బ్రెడ్డు నానబెట్టుకుని, ముద్ద చేసి, పండ్ల సందుల నుంచి లోపటికి తోసుకుంటడు. రెండేండ్ల నుంచి గంతే. పండ్లతోటి ముడి గూడ గుంజుతలేడు, ఇనుప పట్టకారుతోటి గుంజుతుండు. పని సగమైంది. ఒక్కోనాడు కణత పట్టుకుని ఆ మూలకు గోడకు తల ఆనించి కూసుంటడు."

హెలెన్ ఆ మూల గోడ దిక్కు చూసింది.

"నేను చెప్పిన అక్కా. ఇంట్ల చెప్పు, రొట్టె బంద్ చేసి మెత్తటి బువ్వ పెడ్తది అన్న. 'ఆమె రొట్టెలు ఊరంత కొంటరు, మొగుడే తినకపోతే ఎట్ల' అన్నడు."

వచ్చేటప్పుడు హెలెన్‌కు ఆటోల కండ్లు కానరాలే. రెండేండ్లు. రోజు మాపటికి ఆ ఖాళీ డబ్బ కడుగుకుంట, కడుపు నిండ తింటుండు, ఆరోగ్యంగ ఉన్నడు అనుకున్నది. ఆ డబ్బనే ఆయన ఆరోగ్యానికి సర్టిఫికెట్ అనుకున్నది.

మరునాడే పండ్ల డాక్టర్ దగ్గరికి గుంజుకపోయింది. డాక్టర్ పేరు నేహా, చిన్న పిల్ల. ఆమె గూడ నోరు చూస్తనే, "గుట్కా అలవాటుందా?" అని అడిగింది. హెలెన్ ఆయన మొఖం దిక్కు చూసింది. డాక్టర్ వేలు లోపట పెట్టి చెంపలు తడిమింది. "లేదు. గుట్కా తింటే చెంప లోపట తోలులెక్క గట్టిపడతది. ఈయనది పసిపిల్లల చెంపలెక్క మెత్తగ ఉంది," అన్నది. ఆ మాటకు హెలెన్ కొంగు నోట్ల కుక్కుకుని ఏడ్చింది. జేబులు తిరగేసిన చేతులను ఎక్కడ పెట్టుకోవాలెనో తెలవలే.

డాక్టర్ రెండు వేళ్లు ఆయన చెవుల ముందర పెట్టి నోరు తెరువుమన్నది. తెరిస్తే దవడ నిట్టనిలువుగ రాకుండ కుడికి వంకర పోయింది. చిన్న స్కేలు పెట్టి కొలిచింది. ఇరవై రెండు మిల్లీమీటర్లు. నలభై ఉండాలె. కణత మీద నొక్కితే జయానందం కుర్చీల నుంచి లేచినంత పనిచేసిండు.

"తలనొప్పి ఇదే," అన్నది డాక్టర్. "నమిలే కండరం కణత దాక ఉంటది. పొద్దంత పండ్లు బిగబడితే, నిద్రల కొరికితే, అది అలిసి నొస్తది. చెవి ముందర ఉన్నది దవడ కీలు. దాని నడుమ చిన్న మెత్తలాంటిది ఉంటది. మీ కీల్ల అది జారింది. ముందు టక్కుమని సప్పుడు వచ్చేదా?"

"వచ్చేది. ఏడాదిన్నర కింద ఆగింది. బాగైంది అనుకున్నం," అన్నది హెలెన్.

"బాగై ఆగలేదమ్మా. అప్పటిదాక ఆ మెత్త జారినా సప్పుడు చేసుకుంట జాగకు పోయేది. అటెంక పోవుడు బంద్ అయింది, అడ్డం పడ్డది. సప్పుడున్నప్పుడు వస్తే సులువుగుండేది."

హెలెన్ అడిగింది. "శ్రమల దినాలల్ల నలభై దినాలు ఉపాసముంటే తగ్గింది డాక్టరమ్మా. పూర్తిగ తగ్గింది. అది ఎట్ల?"

"ఆ దినాలల్ల ఏం తిన్నడు?"

"జావ."

"పని?"

"సగం పూట."

డాక్టర్ మెల్లగ అన్నది: "నేనిప్పుడు రాసిచ్చేది గూడ అదే. మెత్తటి తిండి, దవడకు ఆరాం. దేవుడు మీకు ముందే చూపించిండనుకోండి. మీరు నలభై దినాలకే ఆపిండ్రు."

ఈస్టర్ నాడు హెలెన్ ఏం వండిందో ఆమెకు యాదికుంది. మటన్, కడక్ రొట్టెలు. సంబరానికి.

నోరు తెరుచుకోక పండ్ల అచ్చు తీసుడే కష్టమైంది. రెండు వారాలు గోళీలు, వేడి గుడ్డ కాపడం. పండ్లకు పండ్లు తగలకుండ పెదవులు మాత్రం మూసి ఉంచుడు. నాలిక అంగిటికి ఆనించి ఎంత తెరుచుకుంటే అంతే తెరిచి మూసుడు, రోజుకు ఆరుసార్లు. డాక్టర్ బొటనవేళ్లు లోపట పెట్టి దవడను కిందికి, ముందుకు మెల్లగ సాగదీసేది. జయానందం కండ్ల నీళ్లు కారేటివి, మూలుగు మాత్రం రాలే. మూడోసారి పోయినప్పుడు అచ్చు దొరికింది. పై పండ్లకు తొడుక్కునే గట్టి, నున్నటి ప్లేటు ఒకటి చేసిచ్చింది. పండుకునేటప్పుడు పెట్టుకోవాలె, కొరికితే దవడకు కాదు దానికి తగలాలె. నెలకోసారి పోతే దాన్ని జరజర రుద్ది సరిజేసేది. పండ్లతోటి దారం ముట్టద్దన్నది.

నాలుగు నెలలకు తలనొప్పి వారంల ఒక్కనాటికి వచ్చింది. ఏడు నెలలకు స్కేలు మీద ముప్పై నాలుగు. అన్నం, పప్పు, మెత్తటి రొట్టె తింటుండు. "ఇంతకంటె?" అని హెలెన్ అడిగితే డాక్టర్ తల అడ్డంగ ఊపలే, నిలువుగ గూడ ఊపలే. "నొప్పి లేకుండ బతుకుతడమ్మా. పై స్థాయిల పాటకు కావలసినంత నోరు మాత్రం... కీలు అంత కాలం బిగుసుకుని ఉంది. జల్ది రాకపోతిరి."

మొన్న క్రిస్మస్‌కు నథానియేల్ బతిమిలాడి ఆయనను ముందటికి తెచ్చిండు. జయానందం మొదటి చరణం పాడిండు. గొంతు అదే, తేనెలెక్క. పై స్థాయి వచ్చే జాగకు నోరు తెరుచుకునే హద్దు కాడ ఆగిండు, చేతితోటి నథానియేల్‌కు సైగ చేసిండు. ఆ పోరడే ఎత్తుకున్నడు. ఆడోళ్ల బెంచీల మీద ఎవరో చిన్నగ, "గుట్కా ఇడిసిపెట్టిండట, జర బాగైండు," అన్నరు.

అది హెలెన్ చెవుల పడ్డది. ఆ వచ్చిన శనివారం స్త్రీల సమాజంల, ప్రార్థన కాకముందే లేచి నిలబడ్డది. దవడ కీలు, మెత్త, ప్లేటు, పండ్లతోటి గుంజిన ముడులు, పసిపిల్లల చెంప, అన్నీ చెప్పింది. "ఇగ ఎవరన్న గుట్కా మాట ఎత్తితే నా దగ్గరికి పంపుండ్రి," అన్నది.  ప్రేమల ఏడ్చుకుంట వచ్చి వదిన చేతులు పట్టుకున్నది. "నా నోరే పాడుగాను వదినా. నవ్వులాటకు అన్న." పట్టుకున్నంక, కండ్లు తుడుచుకుని, ఆమె అడిగింది: "కాని వదినా, ఈస్టర్ నాడు తగ్గిందని సాక్ష్యం చెప్పిండు గద అన్న? మళ్ల ఎప్పుడు మొదలైంది?"

అందరి కండ్లు హెలెన్ మీదికి తిరిగినయి. ఆ సాక్ష్యం నమ్మి ఉపాసమున్న ముగ్గురు గూడ అక్కడనే ఉన్నరు.

"నాకేం తెలుసు ప్రేమలా," అన్నది హెలెన్. "నాక్కూడ చెప్పలే. కట్టుకున్నదాన్ని, నా దగ్గరనే దాచిండు. ఒక్క మాట చెప్తే అప్పుడే తీసుకపోకపోదునా? ఈ గతి పట్టునా?"

"మొగోళ్లంత గంతే," అన్నది ఒకామె. "పాపం హెలెనమ్మ," అన్నది ఇంకొకామె. ఇంటికొచ్చేటప్పుడు హెలెన్‌కు ఎన్నో నెలల బరువు దిగినట్టయింది.

జయానందం వాకిట్ల కుర్చీ ఏసుకుని, ప్లేటును బ్రష్షుతోటి రుద్ది కడుగుతుండు. హెలెన్ గడప మీద కూసున్నది. కోపం లేకుండ, నిజంగ తెలుసుకోవాలెనని, ఇన్నేండ్లల్ల మొదటిసారి నేరుగ అడిగింది.

"నొప్పి మళ్ల వచ్చిందని నాకెందుకు చెప్పలే?"

జయానందం బ్రష్షు ఆపిండు. ఆమె దిక్కు చూసిండు, ఆమె నిజంగనే అడుగుతుందా అని. మాటలు నిమ్మలంగ, పెదవులు ఎక్కువ కదలకుండ వచ్చినయి.

"చెప్పిన గద హెలెన్. ఈస్టర్ అయినంక మూడో ఆదివారం, మాపటికి. నువ్వు పొయ్యి కాడ పిండి పిసుకుతున్నవ్. మళ్ల మొదలైంది, పొద్దుగాల నుంచి నొస్తాంది అన్న. నువ్వు తలెత్తలే. 'మెల్లగ అను, బయట ఆడోళ్లున్నరు. సాక్ష్యం చెప్పి నెల గూడ కాలే, అందరు ఏమనుకుంటరు? ఎవ్వరికీ చెప్పకు' అన్నవ్. సరే అన్న. ఎవ్వరికీ చెప్పలే. మళ్ల నువ్వు అడుగుతవేమో అని కొన్నాళ్లు చూసిన."